మాచా మీది రాక్, బంటురీతి కొలువు

హుగ్లీ నది తూర్పు గట్టున, కలకత్తాకు నైరుతిగా సుమారు 25 కిలోమీటర్ల దూరంలో ఉన్న బడ్జ్ బడ్జ్‌ను స్థానికులు ‘బజ్‌బజ్’ అంటారు. చరిత్ర విద్యార్థికి ఈ ఊరు కొన్ని తేదీలుగా మాత్రమే పరిచయం. 1756 డిసెంబరు చివరి రోజులలో క్లైవు సేనలు ఇక్కడి కోటను పట్టుకున్నాయి. 1897 ఫిబ్రవరిలో వివేకానందస్వామి మద్రాసు నుండి ఓడలో వచ్చి ఇక్కడ దిగి, రైలులో సియాల్దా చేరారు. 1914 సెప్టెంబరు 29న కొమగాతా మారు ఓడ ప్రయాణికులపై ఇక్కడే కాల్పులు జరిగాయి. ఆ మృతుల స్మారకాన్ని 1952లో జవహర్‌లాల్ నెహ్రూ ఆవిష్కరించగా, 2013లో రైల్వే స్టేషను పేరులో కూడా ఆ ఓడ పేరు చేరింది. ఇక మిగిలినవి చమురు నిల్వ కేంద్రాలు, జూట్ మిల్లుల పొగగొట్టాలు, సాయంకాలం లోకల్ రైలు దిగి ఇళ్ళకు పోయే జనం. ఉద్యోగరీత్యా కొంతకాలం ఆ ప్రాంతంలో ఉండవలసివచ్చిన ఈ వ్యాసకర్త, ఒక శీతకాలపు రాత్రి అక్కడి మైదానంలో విన్న ఒక సంగీతసభను గూర్చి, అది రేపిన ప్రశ్నలను గూర్చి కొంత విన్నవించుకోదలచాడు.

వంగదేశంలో చలికాలం సభల కాలం. పేటపేటకూ ఉండే క్లబ్బులు వెదురు బొంగులతో, చెక్క పలకలతో తాత్కాలిక వేదిక కట్టి రాత్రంతా ‘ఫంక్షన్’ జరుపుతాయి. ఆ వేదికను ‘మాచా’ అంటారు. మన మంచె వంటి మాటే. పొలంలో పిట్టలను తోలడానికి కట్టే మంచెకు, పాట వినిపించడానికి కట్టే మాచాకు నిర్మాణంలో పెద్ద తేడా ఉండదు. కలకత్తా రాక్ బృందాలు డిసెంబరు నుండి ఫిబ్రవరి వరకు ఈ మాచాల వెంట జిల్లాలు తిరుగుతాయి. నగరంలోని నాగరికులలో కొందరికి ‘మాచా’ అన్న మాటలో కొంత చులకన ధ్వనిస్తుంది. మన ‘రికార్డింగ్ డాన్సు’ అన్న మాటలో ఉన్నటువంటిదే అది. ఆ చులకన న్యాయమైనదేనా అన్నది నేను ఆ రాత్రి తేల్చుకోవలసిన మొదటి విషయమైంది.

వచ్చిన బృందం పేరున్నది కాదు కనుక పేరు చెప్పను. ఐదుగురు యువకులు. రెండు విద్యుత్ గిటార్లు, ఒక బేస్ గిటారు, ఒక కీబోర్డు, ఒక డ్రమ్ సెట్టు. గాయకుని చేతిలో మధ్యమధ్య ఒక దోతారా. వీరు పాడేది సినిమా పాట కాదు, నాలుగు నిమిషాల ప్రేమగీతమూ కాదు. మొదటి అంశమే ఇంచుమించు ఇరవై నిమిషాలు సాగింది. నెమ్మదిగా ఒక నదీగీతంలా మొదలై, ఏడు మాత్రల నడకలోకి మారి, అక్కడ కొంతసేపు గిటారుతో తగవుపడి, తిరిగి మొదటి వరుసకే వచ్చి ఆగింది. పాశ్చాత్యులు ప్రోగ్రెసివ్ రాక్ అని పిలిచే సంప్రదాయం ఇది. 1960ల చివర ఇంగ్లండులో రూపు కట్టింది. కింగ్ క్రిమ్సన్, యెస్, జెనెసిస్, జెత్రో టల్, పింక్ ఫ్లాయిడ్ దాని ప్రధాన నామధేయాలు. నృత్యానికి ఉపయోగపడే చిన్న పాటను విడిచి, ఖండాలు ఖండాలుగా సాగే దీర్ఘరచనను ఎంచుకోవడం, లయను తరచు మార్చడం, కథనో భావననో ఒక రికార్డు పొడవునా నడపడం దీని లక్షణాలు. జెత్రో టల్ 1972లో వెలువరించిన ‘థిక్ ఏజ్ ఎ బ్రిక్’ రికార్డు రెండు వైపులా కలిసి ఒకే పాట. రాగం తానం పల్లవికి అలవాటుపడిన చెవికి ఇది వింత కాకూడదు. తాళాన్ని అలాగే ఉంచి నడకను మార్చడం మన మార్దంగికులకు నిత్యకృత్యం.

ఈ సంప్రదాయానికి గల దోషాలు కూడా ఆ మాచా మీద యథాతథంగా కనిపించాయి. కీబోర్డు వాయించిన యువకుడు సమర్థుడే. కాని తన సామర్థ్యం అందరికీ తెలిసేవరకు రచనను ముందుకు పోనివ్వలేదు. ఇంగ్లండులో 1976-77 నాటికి పంక్ యువకులు ఈ సంగీతంపై తిరగబడడానికి ఈ ఆడంబరమే ఒక కారణం. తనివర్తనంలో మృదంగవిద్వాంసుడు ముక్తాయింపు మరచి సాగిపోతే గాయకుడు చేతిగడియారం చూసుకున్నట్లు, ఇక్కడ దోతారా పట్టుకున్న గాయకుడు నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు.

మూడవ అంశం మధ్యలో జనరేటరు ఆగిపోయింది. దీపాలు పోయాయి, గిటార్లు మూగపోయాయి. డ్రమ్ములకు విద్యుత్తు అక్కరలేదు గనుక ఆ వాద్యకుడు ఆపలేదు. ముందు వరుసలలో ఉన్నవారు పాటను అందుకున్నారు. మూడు నాలుగు నిమిషాలు, చలిలో, చీకటిలో, ఆ పాట జనం గొంతులో నడిచింది. పింక్ ఫ్లాయిడ్ బృందం తన సుప్రసిద్ధ రచన ‘ద డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్’ను విడుదల చేయడానికి ఏడాది ముందే, 1972 జనవరిలో బ్రైటన్‌లో తొలిసారి వేదికపై వినిపించబోయి, సాంకేతిక లోపం వలన మధ్యలో ఆపవలసివచ్చింది. ఆ తరువాత ఊరూరా తిరుగుతూ దానిని వాయించి, దిద్ది, 1973లో రికార్డుగా వెలువరించారు. అంటే పర్యటన ఇక్కడ ప్రచారయాత్ర కాదు, రచన జరిగే చోటు. మనకు సురభి సమాజాల చరిత్రలో ఇది తెలిసిన సంగతే. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ‘కీచకవధ’తో మొదలైన ఆ కుటుంబ నాటకసంస్థ, కుటుంబంతో సహా ఊరి నుండి ఊరికి కదులుతూనే తన తెరలను, మాయాజాలాన్ని, పద్యం పాడే తీరును మెరుగుపరచుకున్నది. ‘మాయాబజార్’లో సురభి వారు చూపే దీపాల, తీగల చమత్కారానికీ, రాక్ వేదికపై పొగకూ వెలుగుకూ ఉద్దేశం ఒకటే. ఎదుట కూర్చున్నవాడిని తన ఊరి నుండి కాసేపు లేపుకుపోవడం.

చీకటిలో జనం అందుకున్న ఆ పాట మొహీనేర్ ఘొరాగులి వారిది. ఈ పేరు తెలుగు పాఠకులలో చాలామందికి కొత్త కావచ్చు గనుక కొంచెం ఆగి చెప్పాలి. 1975లో గౌతమ్ చట్టోపాధ్యాయ తన సోదరులు, మిత్రులతో కలిసి కలకత్తాలో ఈ బృందాన్ని స్థాపించారు. జీవనానంద దాస్ కవితలోని ఒక మాట నుండి పేరు తీసుకున్నారు. ‘మొహీనుని గుర్రాలు’ అని అర్థం. నక్సల్‌బరీ ఉద్యమంతో సంబంధం వలన గౌతమ్ చెరసాల చూసి, కొంతకాలం కలకత్తాకు దూరంగా మధ్యప్రదేశ్‌లో గడిపి తిరిగివచ్చినవారు. అప్పటికి కలకత్తాలో రాక్ లేదని కాదు. పార్క్ స్ట్రీట్ హోటళ్ళలోను, దిలీప్ బాలకృష్ణన్ వంటి ప్రతిభావంతుల గ్రేట్ బేర్, హై బృందాలలోను అది ఉంది. అయితే అది ఇంగ్లీషులో పాడేది. ఘొరాగులి వారు వంగభాషలో పాడారు. బావుల్ పాటను, జాజ్‌ను, వయొలిన్‌ను, గిటారును ఒకచోటికి చేర్చి నగరజీవితాన్ని గూర్చి పాడారు. 1977లో వెలువడిన తొలి రికార్డు పేరే ‘కలవరపడిన పక్షులు, కలకత్తా విషయం’ అన్న అర్థమిస్తుంది. 1978లో, 1979లో మరి రెండు చిన్న రికార్డులు వచ్చాయి. రవీంద్ర సదన్‌లోను, స్టార్ థియేటరులోను సభలు చేశారు. ఆదరణ అంతంత మాత్రమే. 1980ల ఆరంభంలో బృందం చెదిరిపోయింది.

చెదిరిన బృందం 1995లో తిరిగి వినిపించింది. ‘మళ్ళీ ఇరవై ఏళ్ళ తరువాత’ అన్న అర్థం గల పేరుతో గౌతమ్ ఒక సంకలనం తెచ్చారు. అందులో పాడినవారిలో చాలామంది కొత్త తరం వారు. అది పుస్తక ప్రదర్శనలో విడుదల కావడం గమనింపదగినది. వంగీయులకు ఈ పాట పుస్తకాల పక్కన ఉండదగిన వస్తువన్న మాట. 1999లో గౌతమ్ మరణించారు. 2006లో ‘గ్యాంగ్‌స్టర్’ అనే హిందీ చలనచిత్రం ఆ సంకలనంలోని ఒక పాట వరుసను వాడుకున్నప్పుడు దేశమంతా ఆ వరుసను పాడింది. ఎవరి వరుసో తెలిసినవారు తక్కువ. బడ్జ్ బడ్జ్ మైదానంలో మాత్రం తెలియనివారు లేరు. బతికినంతకాలం సగం ఖాళీ హాళ్ళలో పాడిన బృందం, వీడిపోయిన తరువాత వెదురుమంచెల మీద నిలిచింది. మాచాను చులకన చేయడం న్యాయమా అన్న నా మొదటి ప్రశ్నకు సమాధానం అక్కడే దొరికింది.

రెండవ ప్రశ్న నా పక్కన కూర్చున్న పెద్దాయన వేశాడు. నేను ఫోనులో తెలుగు మాట్లాడటం విని దగ్గరకు జరిగి, “ఏటి బాబూ, తవరిది ఏ ఊరు?” అన్నాడు. హుగ్లీ ఇరు గట్ల జూట్ మిల్లులలోకి గంజాం, విశాఖపట్టణం జిల్లాల నుండి తెలుగు కూలీలు తరతరాలుగా వచ్చారన్నది గ్రంథాలలో చదివినదే. మిల్లు లెక్కలలో వారంతా ‘మద్రాసీలు’. ఈయన తండ్రి శ్రీకాకుళం వైపు నుండి వచ్చాడట. “మా నాయిన కాలంలో ఈ లైన్లకాడ తెల్లార్లూ జముకులకత పాడించీవోళ్ళు. ఇప్పుడు ఈళ్ళ పాటే మావోళ్ళ పాట” అని, కేకలు వేస్తున్న గుంపులో ఎక్కడో ఉన్న మనుమని వైపు చెయ్యి చూపాడు. ఆ కుర్రవాడికి ఘొరాగులి పాటలన్నీ కంఠస్థం. తెలుగు మాట వస్తుంది గాని పాట రాదు. వచ్చినా ఒకటో రెండో సినిమా పాటలు. కాసేపాగి ఆయన అడిగాడు: “మన తెలుగులో ఇలాటియి నేవా బాబూ?”

ఉన్నాయని చెప్పబోయి ఆగిపోయాను. ఉన్నది అంత సూటిగా చెప్పగలిగినది కాదు. ప్రోగ్రెసివ్ రాక్ వేదికపై తెలుగు మాట ఈనాడు దేశమంతటా మోగుతున్న మాట నిజం. దానిని అక్కడికి తీసుకువెళ్ళినది బెంగుళూరులో 2003లో ఏర్పడిన అగం అనే బృందం. గాయకుడు, వయొలిన్ వాద్యకుడు హరీశ్ శివరామకృష్ణన్ మలయాళీ. బృందం పేరు తమిళ పదం, లోపలిది అని అర్థం. చాలాకాలం ఇతర ఉద్యోగాలు చేసుకుంటూనే వీరు సంగీతం సాగించారు. ఒక ఉద్యోగిగా నాకు అది కొంత ఆత్మీయత కలిగించే విషయం. 2007లో ఒక తమిళ టెలివిజన్ పోటీలో గెలిచి, 2012లో తొలి ఆల్బం తెచ్చారు. దేశంలోను విదేశాలలోను పర్యటిస్తూ వీరు వాయించే అంశాలలో త్యాగరాజకీర్తనలు ముఖ్యమైనవి. ‘స్వాన్స్ ఆఫ్ సరస్వతి’ అన్న పేరుతో వీరు పాడేది హంసనాదంలోని ‘బంటురీతి’ కీర్తనే.

ఈ కీర్తనను నేను వీరి వేదికపై ఒకసారి, రికార్డులో పలుమార్లు విన్నాను. సంగీతపరంగా ఎంపికలో గొప్ప వివేకం ఉంది. నేటి వాడుకలో హంసనాదానికి గాంధారం లేదు. రాక్ గిటారు గరుకు ధ్వనితో వాయించే స్వరజంట కూడా షడ్జపంచమాలే, అందులోనూ గాంధారం ఉండదు. షడ్జం మీద పంచమం, పంచమం మీద రిషభం, నిషాదం మీద ప్రతిమధ్యమం, ఈ జంటలన్నీ రాగంలోని స్వరాలతోనే పూర్తవుతాయి. అందువలన గిటారు ఎంత గట్టిగా మోగినా రాగం కలుషితం కాదు. అదే బృందం పాడే మరో త్యాగరాజకీర్తన, నళినకాంతిలోని ‘మనవ్యాలకించ’ విషయంలో ఇంత సులువు లేదు. నళినకాంతి ప్రాణం స్వరాల వక్రగమనంలో, గాంధారం నుండి రిషభానికి దిగి మధ్యమానికి ఎగబ్రాకే ఆ వరుసలో ఉంది. తీగలన్నీ ఒకేసారి మీటితే వరుస ఎక్కడిది? అక్కడ రాగాన్ని కాపాడేవి గొంతు, వయొలిన్ మాత్రమే. మిగిలిన వాద్యాలు పక్కకు తప్పుకున్నంతసేపే అది నళినకాంతి.

నేను ఎక్కువగా ఆలోచించినది సాహిత్యాన్ని గూర్చి. ‘బంటురీతి’ ఒక ఉద్యోగపు దరఖాస్తు. రాముని కొలువులో బంటుపని ఇప్పించమని త్యాగరాజు వేడుకుంటాడు. ఒడలి పులకరింపు తొడుగు కాగా, భక్తుడనిపించుకోవడం ఎదమీది బిళ్ళ కాగా, ఇష్టదైవం పేరు చేతికత్తి కాగా నిలబడతానంటాడు. మన కచేరీలలో నిన్నమొన్నటి వరకు వినిపించిన ‘బిళ్ళ బంట్రోతు’ అన్న మాటలో ఆ బిళ్ళా ఉంది, ఆ బంటూ ఉన్నాడు. బడ్జ్ బడ్జ్‌లో కూర్చుని ఈ కీర్తన తలచుకున్న చరిత్ర విద్యార్థికి మరొకటి కూడా స్ఫురిస్తుంది. 1756 అక్టోబరులో మద్రాసు నుండి ఓడలెక్కి వచ్చి ఈ గట్టు మీద దిగిన దళంలో తెల్లవారితోపాటు సుమారు 1500 మంది దేశీయ సిపాయిలున్నారు. ఆపై 18వ శతాబ్దమంతా వంగదేశంలో సిపాయికి పేరు ‘తెలింగా’. ఐరోపా కవాతు నేర్చి ఆ తరహా దుస్తులు తొడిగినవాడు ఏ భాషవాడైనా తెలింగాయే. అటువంటి సైనికులు మొదట తెలుగుసీమ వైపు నుండి వచ్చారన్న భావన దానికి మూలం. బడ్జ్ బడ్జ్ కోట పడిన పదకొండవ ఏట, 1767లో, త్యాగరాజు జన్మించాడు. ఈ రెండింటికీ కార్యకారణసంబంధం అంటగట్టడం నా ఉద్దేశం కాదు. తెలుగువాడి బంటుతనం ఒక గట్టున కూలికి అమ్ముడుపోతున్న కాలంలోనే, మరొక నది గట్టున అదే మాటను ఒక కవి ఏ నవాబుకూ ఏ కంపెనీకీ చెందని కొలువుకు ఎత్తిపెట్టాడని మాత్రం గుర్తుచేస్తున్నాను.

అగం వేదికపై ఆ కీర్తన వినేటప్పుడు డ్రమ్ములు కవాతులా మోగుతాయి. దరఖాస్తు పెట్టుకునేవాడు తలవంచి నిలబడవలసిన చోట సైన్యం నడిచివస్తుంది. మొదటిసారి విన్నప్పుడు ఇది నాకు భావదోషంగా తోచింది. ఇప్పుడు అంత గట్టిగా అనలేను. తొడుగు, బిళ్ళ, కత్తి అన్నవి త్యాగరాజు వేసిన వేషమే. ఆ వేషానికి నగారా తగనిది కాదు. నా అభ్యంతరం మరొక చోట ఉంది. కర్ణాటక కచేరీలో గాయకుడు ఒక పాదాన్ని పట్టుకుని నెరవు చేసినప్పుడు, ఆ పాదం అర్థం ప్రతి ఆవృత్తంలోను కొంచెం జరుగుతుంది. నిన్నటి సభలో లేనిది నేడు పుడుతుంది. రాక్ అమరికలో ఐదారు వాద్యాలు ముందుగా కుదుర్చుకున్న మలుపులలోనే తిరగాలి గనుక నెరవుకు చోటు తగ్గి, దాని స్థానంలో గిటారు విన్యాసం వస్తుంది. విన్యాసంలో మాట ఉండదు. ఆ ధ్వనితీవ్రతలో గొంతు తిరిగి వచ్చేసరికి తెలుగు ద్విత్వాక్షరాలు, సంయుక్తాక్షరాలు కరిగి అచ్చులు మాత్రమే చెవికి చేరుతాయి. వేలమంది శ్రోతలు ‘బంటు’ అన్న మాటను ఆనందంగా కలిపి పాడతారు, అది పని కోరుకునే పాట అని వారిలో కొద్దిమందికి తెలుసు. అయితే ఈ నేరం రాక్‌ది మాత్రమే అనుకోవడం అన్యాయం. అర్థం తెలియక పదాలను తప్పుచోట విరిచి పాడిన సంప్రదాయ సభలు నేను అంతకంటె ఎక్కువగా విన్నాను, చప్పట్లూ కొట్టాను.

ఇక తెలుగువారి సంగతి. మనవారికి దీర్ఘరచన కొత్త కాదు. బుర్రకథ నాజర్ ముగ్గురు మనుషులతో, ఒక తంబురాతో, రెండు గుమ్మెటలతో గంటల తరబడి కథ నడిపి, శాస్త్రీయ రాగాన్నీ జానపద దరువునూ ఒకే ఊపిరిలో వినిపించాడు. లయ మార్చడం, ఆగడం, హాస్యానికి దిగి మళ్ళీ వీరానికి ఎక్కడం, ప్రోగ్రెసివ్ రాక్ గొప్పగా చెప్పుకునేవన్నీ అందులో ఉన్నాయి. పెద్దాయన చెప్పిన జముకునే తీసుకోండి. తోలుకు తీగ తగిలించి మీటే ఆ వాద్యం ఏ బేస్ గిటారుకూ తీసిపోదు. ఇటీవల హైదరాబాదు యువకుల చౌరస్తా బృందం ‘ఊరెళ్ళిపోతా మామ’ వంటి పాటతో సినిమా అండ లేకుండానే జనంలోకి వెళ్ళగలిగింది. శక్తి లేదనలేము. వంగదేశంలో సినిమా పక్కన పాటకు వేరే బతుకు ఉంది. క్లబ్బు ఉంది, మాచా ఉంది, పుస్తక ప్రదర్శన ఉంది. మనకు పాట అంటే సినిమాయే, లేదా సినిమాకు పోయే దారి. గిటారు పట్టిన తెలుగు యువకుడు రెండేళ్ళు ఆగితే నేపథ్యగాయకుడో, వాద్యబృంద సభ్యుడో అవుతాడు, అతని బృందం కరిగిపోతుంది.

ఇందులో నాబోటివారి పాత్ర కూడా కొంత ఉంది. చాలా ఏళ్ళ క్రితం, నేను అప్పట్లో పనిచేసిన ఒక కార్యాలయంలో, ఒక యువబృందం ఆర్థికసహాయానికి పెట్టుకున్న దరఖాస్తు నా బల్ల మీదకు వచ్చింది. పల్నాటి వీరగాథను గిటారు, డ్రమ్ములతో గంటసేపు ప్రదర్శించి నాలుగు జిల్లాలు తిరుగుతామన్నారు. నమూనాపత్రంలో శాస్త్రీయం, లలితం, జానపదం అని మూడే గడులున్నాయి. వారు జానపదం గడిలో గుర్తుపెట్టారు. వాద్యాల జాబితా చూసి, ‘ప్రతిపాదన నిర్దిష్ట విభాగాలలో ఇమడదు’ అని నేను నోటు రాశాను. పైఅధికారి సంతకం చేశారు. దరఖాస్తు వెనక్కు పోయింది. నోటులో తప్పేమీ లేదు. వారి పాట మాత్రం నేను వినలేదు. దరఖాస్తుతో జతపరచిన క్యాసెట్టు ఫైలుతోపాటే తిరిగి వెళ్ళింది. ‘మన తెలుగులో ఇలాటియి నేవా’ అని పెద్దాయన అడిగినప్పుడు నాకు మొదట గుర్తుకు వచ్చినది అగం కాదు, ఆ క్యాసెట్టు.

గడులు పెంచితే కళ పెరుగుతుందని నేను అనుకోవడం లేదు. ‘ఇతరములు’ అని ఒక గడి కలిపి తృప్తిపడడం మనకు బాగా వచ్చిన విద్య. ఘొరాగులి వారు సహాయం పొంది బతికినవారు కారు. అయితే చెదిరిపోయిన బృందం పాటను ఇరవై ఏళ్ళు దాచుకోగల శ్రోతలు వారికి ఉన్నారు. జిల్లా ఉత్సవాలలో, విశ్వవిద్యాలయ ప్రాంగణాలలో, ప్రవాసాంధ్ర సంఘాల సభలలో సినిమా పాట పాడనని ముందే చెప్పిన తెలుగు బృందానికి ఒక పూట వేదిక ఇవ్వడానికి ఏ నమూనాపత్రమూ అక్కరలేదు. హుగ్లీ గట్టు మిల్లు లైన్లలో ఈనాటికీ తెలుగు మాట్లాడే కుటుంబాలున్నాయి. అటువంటి బృందం ఏదైనా ఉత్తరానికి పర్యటన పెట్టుకుంటే, హైదరాబాదు హాలుకన్న ఎక్కువగా చెవి ఒగ్గే శ్రోతలు అక్కడ దొరుకుతారని నా నమ్మకం.

జనరేటరు బాగుపడిన తరువాత ఆ రాత్రి సభ మరో గంట సాగింది. నిజం చెప్పాలంటే ఆ గంట అంత బాగా లేదు. చీకటిలో జనం పాడిన నాలుగు నిమిషాల తరువాత విద్యుత్ ధ్వని కొంత పలచగా వినిపించింది. బృందం కూడా అది గ్రహించి కాబోలు, కావలసినదానికంటె గట్టిగా వాయించింది. చివరి పాటకు దోతారా ఒక్కటే ఉంచుకుని గాయకుడు ముందుకు వచ్చాడు. పెద్దాయన అప్పటికే లేచి, మనుమని పేరు పెట్టి తెలుగులో కేకవేస్తూ గుంపులోకి నడిచాడు. కుర్రవాడు బెంగాలీలో ఏదో జవాబిచ్చి, పాట అయ్యేవరకు కదలలేదు.